నీలిమందు కలిపిన సున్నం

"ఆ సున్నంలో ఏం కలిపారు టీచర్‌గారూ?"

జోసఫిన్ టీచర్ తలెత్తలేదు. చర్చి వంటగదిలో స్టీలు బల్ల ముందు కూర్చుని, చీర మీద వేసుకున్న స్వెట్టర్ అంచుని వేలికి చుట్టుకుంటూ ఉంది. భీమవరంలో ముప్పై ఏళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. ఎంతమంది పిల్లలను ఇలా ఎదురుగా నిలబెట్టి నిజం చెప్పించి ఉంటుందో! ఇవాళ ఆవిడే దోషిలా కూర్చుంది.

"సున్నం, నీళ్ళు. అంతేనండి," అంది.

"ఇంకేమీ లేదా?"

"లేదండి."

వీరాంజనేయులు ఆ జవాబుని బల్ల మీదే వదిలేసి టీ కప్పు అందుకున్నాడు. అల్లం దంచి వేసిన టీ. ఇంత దిగుల్లో కూడా ఎవరో అల్లం దంచారు. అందుకు ఆయన మనసులోనే ఒక దండం పెట్టుకున్నాడు.

వృత్తిరీత్యా ఆయన వారసులను వెతికే డిటెక్టివ్. అమెరికాలోని ట్రాయ్ అనే ఊళ్ళో ఒక బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుంటూ సగం జీవితం గడిపి, భార్య పోయాక ఈ ఊరికి, పిస్కాటవేకి, మారి సొంతంగా లైసెన్సు తీసుకున్నాడు. చనిపోయినవాళ్ళ ఆస్తి ఎవరికి చెందాలో తేల్చడం ఇప్పుడాయన పని. అయితే ఈసారి చనిపోయిన మనిషి మామూలువాడు కాదు. అమెరికాకి ఇంకా స్వాతంత్ర్యం రాని రోజుల్లో ఈ చర్చికి స్థలం రాసిచ్చిన హెండ్రిక్ వాండర్‌హాల్.

ఆయన స్థలం ఊరికే ఇవ్వలేదు, ఒక షరతు పెట్టాడు. తన సంఘం ఇక్కడ ఆరాధన చేసినంత కాలం స్థలం సంఘానిది. ఆ సంఘం మూతపడిన రోజున స్థలం తన వంశస్థులకు పోవాలి. వంశస్థులు లేకపోతే, అప్పటికి అక్కడ ఎవరు ప్రార్థన చేసుకుంటుంటే వాళ్ళది. కిందటేడు వసంతంలో ఆ పాత సంఘం మూతపడింది. మిగిలిన కొద్దిమంది ముసలివాళ్ళు తాళాలు తెచ్చి, అదే చర్చిలో అప్పటికే ఆరాధన చేసుకుంటున్న తెలుగు సంఘం పాస్టర్ అబ్రహాం చేతిలో పెట్టారు. హెండ్రిక్‌కి పిల్లలు లేరని తరతరాలుగా అందరూ అనుకుంటున్నదే కనుక ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

కానీ జనవరిలో క్రెయిగ్ వాండర్‌హాల్ అనే ఆయన లాయరు నోటీసు పంపాడు. నేను హెండ్రిక్ వంశస్థుణ్ణి, స్థలం నాది, ఖాళీ చెయ్యండి అని. పీటర్ వాండర్‌హాల్ అనే మనిషి దాకా అతని వంశవృక్షంలో ఎక్కడా వంక లేదు. ఆ పీటర్ హెండ్రిక్ కొడుకేనని తేలితే చాలు. చర్చి పాత రిజిస్టర్లు ఎప్పుడో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన సాక్ష్యం ఒక్కటే, బయట శ్మశానంలో ఉన్న హెండ్రిక్ సమాధి రాయి. దాని మీద చివరి వరుసలో 'వీరి కుమారుడు పీటర్' అని చెక్కి ఉంది.

సోమవారం కోర్టు. ఇవాళ శనివారం. ఓడిపోతే ఈ సంఘంలోని కుటుంబాలన్నీ మళ్ళీ ఏ స్కూలు జిమ్‌లోనో మడత కుర్చీలు వేసుకోవాలి.

"టీచర్‌గారూ, నేను పాత కట్టడాలు చూసుకునే హెరిటేజ్ కమిటీ మనిషిని కాదు. మీ వైపు మనిషిని," అన్నాడు వీరాంజనేయులు. "మీరు ఆ సమాధి రాయికి సున్నం కొట్టడం తప్పా ఒప్పా అని అడగడం లేదు. డబ్బాలో ఏముందో చెప్పండి చాలు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మా అల్లుడు ఎవరికీ చెప్పొద్దన్నాడండి. ఏదో కెమికల్ కలిపానని కేసు పెడతారట."

"ఏం కలిపారు?"

"నీలిమందు."

కప్పు బల్ల మీదికి దిగింది.

"పొడి నీలిమందండి. నా తెల్ల చీరల కోసం ఇండియా నుంచి తెచ్చుకున్నా. వట్టి సున్నం కొడితే పసుపు తిరిగిపోతుంది కదండీ! చిటికెడు నీలం పడితే మల్లెపువ్వులా ఉంటుంది. మా అమ్మ సమాధికీ అంతే, మా ఆయన సమాధికీ అంతే."

"అసలు ఈయన సమాధికి ఎందుకు వేయాలనిపించింది?"

"అదేం ప్రశ్నండీ? నవంబరు రెండో తారీకు సమాధుల పండుగ. మా వైపు ఆ రోజు ప్రతి సమాధీ కడిగి, సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగిస్తాం. ఇక్కడ మావాళ్ళ సమాధులు లేవు. స్థలం ఇచ్చిన మహానుభావుడికి పిల్లల్లేరట, చూసే దిక్కు లేదు పాపం అనుకున్నా. అల్లుడిచేత సున్నం బస్తా తెప్పించి నేనే కొట్టా. నాకప్పుడు కళ్ళల్లో శుక్లాలు. దాని మీద ఏం రాసుందో కూడా చదవలేదు."

"ఎక్కడిదాకా కొట్టారు?"

"అడుగుదాకా. పక్కలకి కూడా. గడ్డి మొదళ్ళు సైతం తెల్లబడ్డాయి. మర్నాడు ఆ కమిటీ వాళ్ళొచ్చి, చారిత్రక రాయిని పాడుచేశానని పాస్టర్‌గారిని నానా మాటలూ అన్నారు. ఆయన నా తరఫున చేతులు జోడించారండి. ఆ రోజు నుంచి నేను ముందు వరసలో కూర్చోవడం మానేశాను."

"ఆ కమిటీవాళ్ళు అప్పుడు తీసిన ఫోటోల్లో ఏం కనిపిస్తుంది?"

"అంతా తెలుపే. ఒక్క అక్షరం కనిపించదు."

"కడిగింది ఎవరు?"

ఈ ప్రశ్నకి గుమ్మంలో నిలబడ్డ పాస్టర్ అబ్రహాం జవాబు చెప్పాడు. వారమంతా మందుల కంపెనీలో పనిచేసి, ఆదివారం వాక్యం చెప్పే మనిషి. నిద్ర లేక ముఖం పీక్కుపోయింది.

"కమిటీ తరఫున ఒక వాలంటీర్ వచ్చాడండి. రాయి చుట్టూ టార్పాలిన్ కట్టి, ఓ వారం రోజులు వచ్చి పోతూ ఉండేవాడు. మెత్తటి బ్రష్‌తో జాగ్రత్తగా చెయ్యాలి, ఎవరూ దగ్గరికి రావద్దన్నాడు. తప్పు మాది, ఏం మాట్లాడతాం? ఆయనే ఈ క్రెయిగ్."

"మరి ఈ మాట ఇన్నాళ్ళూ..."

"లాయరుకి చెప్పానండి. 'కడిగితే మాత్రం ఏమైంది?' అన్నాడు."

వీరాంజనేయులు లేచి కోటు తొడుక్కున్నాడు. నెల రోజులుగా గుండె మీద కూర్చున్న బరువేదో కాస్త పక్కకి జరిగినట్టనిపించింది. అయినా రాయిని చూసేదాకా నోరు మెదపకూడదనుకున్నాడు.

వంటగది మూల కిటికీ దగ్గర మిస్ ఎలెన్ బ్లావ్ టీలో బిస్కెట్టు ముంచుకుంటోంది. తొంభై దాటిన అమెరికన్ ముసలావిడ. పాత సంఘంవాళ్ళలో ఇప్పుడు మిగిలిన ఆఖరి మనిషి. సంఘం మూతపడ్డాక కూడా తెలుగు ఆరాధనకే వస్తుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పాటలకి తల ఊపుతుంది, భోజనాల దగ్గర పులిహోర రెండోసారి అడుగుతుంది. ఆయన్ని చూసి చెయ్యెత్తి, "వందనాలు," అంది.

"వందనాలండీ," అన్నాడాయన.

* * *

రవిశంకర్ అప్పటికే రాయి దగ్గర ఉన్నాడు. మెరిసే బూట్లు, చేతిలో టాబ్లెట్. క్రెయిగ్ తరఫున వంశవృక్షం తయారుచేసింది ఇతనే. ట్రాయ్‌లో ఇద్దరూ పక్కపక్క సీట్లలో పనిచేశారు. వీరాంజనేయులు నేర్పిన పనితోనే ఇతను పెద్ద ఏజెన్సీ పెట్టుకున్నాడు.

"ఏందన్నా, ఇంకా రాళ్ళ చుట్టూనే తిరుగుతున్నవా?" అన్నాడు. "ఇప్పుడు అంతా డీఎన్ఏ, డేటాబేస్. నువ్వింకా భూతద్దం కాడనే ఆగిపోయినవ్."

"మరి నీ డీఎన్ఏ పీటర్‌కి తండ్రెవరో చెప్పిందా రవీ?"

"రాయి చెప్తుంది కదా."

"అయితే నువ్వూ రాయి దగ్గరే ఆగావన్నమాట."

రవిశంకర్ నవ్వాడు గాని, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "అన్నా, మీవోళ్ళకు మంచిగ చెప్పు. సోమవారం దాకా లాగితే ఖర్చు తప్ప ఏం లేదు. మా క్లయింట్ మంచోడు, జూన్ దాకా టైం ఇస్తడట."

"సరే చెప్తాను. ముందు ఒక్క సంగతి తేల్చు. ఈ చివరి వరుసని మీ క్లయింట్ మొదట ఎప్పుడు చూశాడు?"

"అఫిడవిట్‌లో ఉంది. నిరుడు కాదు, అంతకుముందు ఎండాకాలం. ఫోటో కూడా అప్పుడే తీసిండు."

"ప్రమాణం చేసి చెప్పాడా?"

"చేసిండు."

"ఫోటో చూపించు."

టాబ్లెట్ మీద ఫోటో వచ్చింది. ఎర్రటి ఇసుకరాయి. పైన హెండ్రిక్ పేరు, పోయిన సంవత్సరం, కింద భార్య మరియా పేరు. తర్వాత అరిగి నున్నబడ్డ ఖాళీ. అట్టడుగున పీటర్ వరుస. వీరాంజనేయులు వేళ్ళతో ఫోటో పెద్దది చేసి కాసేపు చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేశాడు.

తర్వాత కోటు జేబులోంచి చిన్న చేతి అద్దం తీశాడు. భార్య రాధారాణి బొట్టు పెట్టుకునే అద్దం అది. పాత రాళ్ళు చదివేవాళ్ళకి అద్దం తప్పనిసరి. నీడలో ఉన్న రాయి మీదికి ఎండని ఏటవాలుగా మళ్ళిస్తే, అరిగిపోయిన గీతలు కూడా నీడలు వేసి పైకి లేస్తాయి. కొత్త అద్దం కొనుక్కోవచ్చు. ఆయన కొనలేదు.

గాలి లేదు. మబ్బు పట్టిన వారం తర్వాత ఇవాళే ఎండ కాసింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని వెలుగుని రాయి మీదికి తిప్పాడు.

"ఇటు రా రవీ. హెండ్రిక్ పేరులో మొదటి అక్షరం. గాడిలోపల ఏం కనిపిస్తోంది?"

"తెల్లగా ఉంది. సున్నం. మీవోళ్ళు చేసిన ఘనకార్యమే కదా! పైన పైన కడిగినా గాట్లల్ల మిగిలింది."

"తెలుపేనా?"

రవిశంకర్ వంగి చూశాడు. "కొంచెం నీలం కొడుతుంది."

"ఆ పెద్దావిడ సున్నంలో నీలిమందు కలిపింది. అమెరికాలో సమాధికి నీలిమందు వేసే మనిషి ఆవిడ ఒక్కతే అయ్యుంటుంది. అంటే ఈ గాట్లలో ఉన్నది నవంబరు రెండో తారీకు సున్నం. ఇంకెప్పటిదీ కాదు. మరియా పేరు చూడు."

"ఆడ కూడా ఉంది."

"ఇప్పుడు పీటర్‌ని చూడు."

అద్దంలోని వెలుగు అట్టడుగు వరుస మీదికి జారింది. అక్షరాల్లో ఎండిన బురద తప్ప ఏమీ లేదు. వీరాంజనేయులు జేబులోంచి పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి తీసి బురదని నెమ్మదిగా రాల్చాడు. లోపల రాయి అప్పుడే కోసిన పుచ్చకాయలా ఎర్రగా ఉంది.

రవిశంకర్ నిటారుగా లేచాడు. తెలివైనవాడు, తడబడలేదు. "దానికేముంది అన్నా? ఈ రాయి ఎన్నో ఏళ్ళుగా మట్టిలోకి దిగబడింది. ఆ వరుస నవంబరులో మట్టి కింద ఉండె. మా క్లయింట్ ఆ ఎండాకాలం తవ్వి చూసి, ఫోటో తీసి, మళ్ళ పూడ్చిండు. మట్టి కిందున్న అక్షరాలకు సున్నమెట్ల తగుల్తది?"

వీరాంజనేయులు వెంటే బయటికి వచ్చి చూస్తున్న పాస్టర్ అబ్రహాం ముఖం వాడిపోయింది. జోసఫిన్ టీచర్ ఆయన వెనక నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వీరాంజనేయులు మాత్రం ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు తలాడించాడు. "మట్టి కింద ఉందంటావు. ఇదే మాట కోర్టులోనూ చెప్తావా?"

"చెప్తా."

"అయితే పక్కకి రా."

ఆయన రాయి పక్క అంచు దగ్గరికి జరిగాడు. బ్రష్‌తో కడిగినవాడు ముఖం మీద పెట్టిన శ్రద్ధ అంచు మీద పెట్టలేదు. నీలం డాలు కొట్టే తెలుపు ఆ అంచు వెంబడి చారలు చారలుగా దిగి, పీటర్ వరుస దాటి, ఇంకో జానెడు కిందికి వెళ్ళి గడ్డి దగ్గర ఆగింది.

"టీచర్‌గారు గడ్డి మొదళ్ళదాకా కొట్టారు. గడ్డి ఎక్కడుంటే మట్టి అక్కడే. నవంబరులో ఈ చోటంతా బయటే ఉంది. పైన, కింద, పక్కన అన్నిటికీ సున్నం అంటింది. ఒక్క పీటర్‌కే అంటలేదు. ఎందుకంటే అప్పటికి పీటర్ ఇంకా రాయి మీదికి రాలేదు. టార్పాలిన్ వెనక వారం రోజులు కూర్చుని మీ క్లయింటే రప్పించాడు."

రవిశంకర్ అంచు మీది నీలపు చారని వేలితో తడిమాడు.

"ఇంకొకటి. ఆ ఫోటో నవంబరుకి ఏడాది ముందు తీసిందని ప్రమాణం చేశాడన్నావు. పెద్దది చేసి చూసుకో. హెండ్రిక్ పేరంతా నీలిమందే."

రవిశంకర్ టాబ్లెట్‌ని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "అన్నా... నాకు నిజంగ తెల్వదు. ఫోటో ఆయన ఇచ్చిండు, నేను ఫైల్‌లో పెట్టిన. నా లైసెన్సు పోతది."

"ఇవాళే వాళ్ళ లాయరుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు. పోదు. ట్రాయ్‌లో నీకు నేను మొదట నేర్పింది ఏమిటి? క్లయింట్ ఇచ్చిన ఫోటోని..."

"క్లయింట్ కన్నా ముందు అనుమానించాలె," అన్నాడు రవిశంకర్ నీరసంగా.

వెనకనుంచి చిన్న శబ్దం వచ్చింది. జోసఫిన్ టీచర్ ఏడుస్తోంది. పాస్టర్ అబ్రహాం, "అమ్మా, మీరు పాడు చేశారనుకున్నాం. మీరే కాపాడారు," అంటున్నాడు. ఆవిడ ఆ రాయి తల మీద చెయ్యి పెట్టి, ఎవరో సొంతవాళ్ళ పిల్లవాడిని నిమిరినట్టు నిమిరింది.

వీరాంజనేయులు అద్దం తుడుచుకుని జేబులో పెట్టుకోబోతూ ఆగాడు. పక్కకి తిప్పుతున్న వెలుగు మరియా పేరు కింద, అందరూ ఖాళీ అనుకున్న నున్నటి చోటు మీద క్షణం నిలిచింది. అక్కడ సాలెగూడు పోగుల్లాంటి నీలపు గీతలు.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. అద్దం ఇంకొంచెం వాల్చాడు.

రెండున్నర శతాబ్దాల వానకి కంటికి ఆనకుండా అరిగిపోయిన ఒక వరుస అది. వేలితో తడిమినా తెలియనంత లోతు తక్కువ. ఆ కాస్త లోతులో కూడా సున్నం దాక్కుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. "వీరి... ఏకైక సంతానం... మార్గ్రిట్. కార్నెలిస్... బ్లావ్... భార్య."

దొంగ వారసుణ్ణి పట్టుకున్న చేత్తోనే అసలు వారసత్వాన్ని బయటికి లాగాడు. హెండ్రిక్‌కి కూతురుంది. వంశం మిగిలి ఉంటే స్థలం తెలుగు సంఘానిది కాదు.

రవిశంకర్‌కి ప్రాణం లేచొచ్చింది. "బ్లావ్! అన్నా, ఆ గోడ పక్క వరసంతా బ్లావ్‌లే!"

అతను అప్పటికే పరుగులాంటి నడకలో ఉన్నాడు. వీరాంజనేయులు వెంట వెళ్ళాడు. శ్మశానం ఆ పక్కన బ్లావ్‌ల రాళ్ళు వరసగా ఉన్నాయి. మార్గ్రిట్, కార్నెలిస్‌ల రాయి. వాళ్ళ కొడుకు అని చెప్పుకునే రాయి. అతని కొడుకు. పాత వాళ్ళు ప్రతి రాయి మీదా తండ్రి పేరు చెక్కించారు. ఏ డేటాబేసూ అక్కర్లేకుండా ఇద్దరూ ఒక కుటుంబాన్ని కాళ్ళతో నడుచుకుంటూ చదివారు. ఎర్రరాళ్ళు పోయి పాలరాళ్ళు వచ్చాయి, పాలరాళ్ళు పోయి నల్లరాళ్ళు వచ్చాయి. చిట్టచివరి రాయి మీద ఒక అన్న పేరు, అతను పోయిన సంవత్సరం. పక్కనే అతని చెల్లెలి పేరు, ఆమె పుట్టిన సంవత్సరం, ఒక గీత, ఆ గీత తర్వాత ఖాళీ.

'ఎలెన్ బ్లావ్.'

బతికుండగానే తన పేరు రాయి మీద చెక్కించుకుంది ఆవిడ. ఇక్కడివాళ్ళకి అది మామూలే. మనవాళ్ళయితే ఆ ఊహకే 'శివశివా' అంటారు.

"చర్చిల కూసునే ఆ ముసలామెనే కదా! తొంభై ఏళ్ళు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు," అన్నాడు రవిశంకర్ ఊపిరి బిగబట్టి. అతని చెయ్యి విజిటింగ్ కార్డుల జేబులోకి వెళ్ళింది. "అన్నా, ఈ స్థలం మొత్తం ఆమెదే!"

మిస్ ఎలెన్ వాకర్ పట్టుకుని గడ్డి మీదుగా మెల్లగా వస్తోంది. బయట అలికిడి విని వంటగదిలోంచి బయల్దేరింది కాబోలు. వీరాంజనేయులు నోరు విప్పేలోగానే రవిశంకర్ ఎదురెళ్ళి, తన మెరిసే ఇంగ్లీషులో అంతా చెప్పేశాడు. రాయి మీది పేరు, వారసత్వం, గిడ్డంగుల కంపెనీలు ఈ చుట్టుపక్కల స్థలాల కోసం ఎలా కొట్టుకుంటున్నాయో, తన ఏజెన్సీ ఆవిడ తరఫున ఎంత బాగా బేరం చేయగలదో. చివరికి కార్డు అందించాడు.

ఆవిడ కార్డు తీసుకుంది, కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. తర్వాత, "మా నాయనమ్మ చెప్పేది, ఆ ఎర్రరాయి మన తాతదేనని," అంది. "ముసలివాళ్ళ గొప్పలు అనుకున్నాను. నిజమేనన్నమాట."

"నిజమే మేడమ్. మీరు సంతకం చేస్తే చాలు..."

"అబ్బాయీ, అది చూశావా?" వాకర్ మీంచి ఒక చెయ్యి ఎత్తి గీత తర్వాత ఖాళీ ఉన్న రాయిని చూపించింది. "అది నాది. ఎంతోకాలం పట్టదు. నవంబరులో ఈ జోసఫిన్ మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం కూడా తెలియని మా తాతకి రంగు వేస్తుంటే కిటికీలోంచి చూశాను. అందరూ తిట్టారు. నేను మాత్రం ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను. ఎందుకో తెలుసా?"

ఆవిడ వాకర్‌ని ఒక అడుగు ముందుకి జరిపింది.

"నాకూ ఎవరూ లేరు కదా అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి అనుకోవడం మానేశాను. ఇప్పుడు నువ్వు ఇక్కడ గిడ్డంగి కట్టిస్తావు. నవంబరు వస్తుంది. నా రాయికి రంగు ఎవరు వేస్తారు? నువ్వొస్తావా?"

కార్డుని మడిచి తిరిగి అతని చేతిలో పెట్టింది. తర్వాత వీరాంజనేయులు వైపు తిరిగి, "సోమవారం ఆ జడ్జి దగ్గరికి నన్ను ఎవరు తీసుకెళ్తున్నారు? స్థలం నాదైతే, ఎవరికి ఇవ్వాలో నేనే చెప్తాను," అంది.

ఆయన ఇంకా చేతిలోనే ఉన్న అద్దాన్ని జేబులో పెట్టుకున్నాడు. "నేనే తీసుకెళ్తానండీ," అన్నాడు.

ఆవిడ జోసఫిన్ టీచర్ చెయ్యి పట్టుకుని వంటగది వైపు మళ్ళింది. రెండడుగులు వేసి ఆగింది.

"ఆమెకి మీ భాషలో చెప్పు. నాకు వేసేటప్పుడు ఆ నీలం కాస్త ఎక్కువ వెయ్యమను."